రూపాయిలో పావలా

మేయో హాలు రెండో అంతస్తు.
ఫ్యాను గాలికి ఫైళ్లు రెపరెపలాడే గదిలో
నా పని మాటలు మోయడం.
సాక్షి తెలుగు జడ్జిగారికి కన్నడంలో,
లాయరుగారి కన్నడం సాక్షికి తెలుగులో.
ముళబాగిలు వాణ్ణి, రెండూ ఇంటి భాషలే నాకు.
అయినా కొన్ని మాటలు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

సుంకమ్మ. మడకశిర పక్క పల్లె.
మొగుడు ఓబులేసు, మారతహళ్లిలో
నూటపది మంది ఉండే పీజీలో వంటమాస్టరు.
ఆ పొద్దు ఐదింటికి పెరుగు ప్యాకెట్లకని రోడ్డు దాటాడు.
నీళ్ల ట్యాంకరు రాంగ్‌సైడులో వచ్చింది,
లైట్లు వేసుకోకుండా.

ఇన్సూరెన్సు లాయరు నిదానస్తుడు. కోపం లేదు.
"జీబ్రా క్రాసింగు ఎంత దూరం?"
"రెండు నూర్ల అడుగులు సామీ.
ఆడికి పోవల్లంటే ఇంగో రోడ్డు దాటల్ల."
"స్కైవాక్ ఉంది కదా?"
"ఉండాది. లిఫ్టుకు బీగమేసినారు.
మెట్లు యాభై రెండు. మొన్న ఎక్కి లెక్కేసినా."
"ఫుట్‌పాత్ మీద ఎందుకు నడవలేదు?"
ఆమె నావైపు తిరిగింది,
ప్రశ్న నేనే వేసినట్టు.
"యాడుంది సామీ?"

మహజరు కాగితంలో ఉంది.
ఆరడుగుల వెడల్పు, స్కేలు పెట్టి గీసిన రెండు గీతలు.
ఆ గీతల నడుమ ట్రాన్స్‌ఫార్మరు లేదు,
కేబులు కోసం తవ్వి మరిచిపోయిన గుంత లేదు,
పానీపూరి బండి లేదు,
షోరూము వాళ్లు వరసగా నిలబెట్టిన కొత్త బైకులు లేవు.
ఎప్పుడో చెరిగిపోయిన చారల్ని కూడా
శుభ్రంగా గీశాడు కానిస్టేబులు. మంచి చేతివాటం.
మనిషి పడ్డచోట చిన్న సున్నా,
పక్కన 'ఎ' అని ఇంగ్లీషు అక్షరం.
చెప్పొకటి డివైడరు దాకా ఎగిరిపడింది,
దానికే అక్షరమూ ఇవ్వలేదు.

గీతల దగ్గర బండి ఆగాలి,
నడిచేవాడికి ముందు దారివ్వాలి:
చట్టంలో ఉన్నాయివన్నీ.
చాలాసార్లు చదివి వినిపించాను ఈ గదిలోనే,
కిటికీ అవతలి హారన్లకంటే గొంతు పెంచి.

"నిర్లక్ష్య" అన్నాడు లాయరు.
ఈ ఒక్క మాటకి నా అవసరం లేదు.
రెండు భాషల్లోనూ అదే,
మనవైపు చివర్లో ఒక సున్నా ఎక్కువ, అంతే.
ఎవరిదన్నదే పేచీ.
ట్యాంకరుది డెబ్భై ఐదు,
దాటినవాడిది పాతిక శాతం అని ఆయన వాదన.

శాతమంటే తెలీదేమోనని
"రూపాయిలో పావలా తప్పు మీ ఆయనదంటున్నారమ్మా" అన్నాను.
కొంగు కొస వేలికి చుట్టుకుని చాలాసేపు ఆలోచించింది.
"ఆ పావలా యా కాలిది సామీ?
ముందరేసిందానిదా, ఎనకున్నదానిదా?"

అది కన్నడంలోకి మార్చాలి.
జడ్జిగారు పెన్ను పట్టుకుని చూస్తున్నారు.
స్టెనో వేళ్లు ఆగి ఉన్నాయి.
"సాక్షికి ప్రశ్న అర్థం కాలేదు" అన్నాను.
ఇరవై రెండేళ్ల సర్వీసు.
తెలిసి చేసిన తప్పు అనువాదం అదొక్కటే.

వాయిదా పదిహేడుకి పడింది.
మెట్లు దిగుతూ అడిగింది,
పెరుగు డబ్బులు నాలుగు వందల ఎనభై
పీజీ ఓనరు జీతంలో పట్టుకున్నాడట,
అది కూడా రాస్తారా ఇందులో అని.
రాయరని చెప్పాను.

బస్సు అవతలి వైపు.
సిగ్నల్లో పచ్చ మనిషికి పన్నెండు సెకన్లు.
ఆరు దగ్గరే స్కూటరొకటి మా ముందుగా దూరిపోయింది.
ప్రమాణం చేయించేటప్పటిలాగే
అరచెయ్యి ఎత్తి ట్రాఫిక్కుకు అడ్డం పెట్టాను.
సుంకమ్మ నా చొక్కా పట్టుకుంది గాని
కదల్లేదు.

మూడు. రెండు.
ఆమె రోడ్డు చూడటం లేదు,
తన పాదాలు చూసుకుంటోంది.